బాణం పోయే దావ

పోయిన నెల మా ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాన్ని వాడటం నేర్పే వీడియో ఒకటి పంపి, అందరినీ హాల్లో కూర్చోబెట్టి చూపించారు. చెప్పేవాడి గొంతు బాగానే ఉంది. మౌస్ బాణమే తెర మీద ఈగలా తిరుగుతోంది. "ఇక్కడ క్లిక్ చేయండి" అని గొంతు అనేసరికి బాణం అక్కడి పని ముగించుకుని ఇంకెక్కడికో పోయింది. పోతూ పోతూ, ఎందుకో తెలియదు, నాలుగు చుట్లు తిరిగింది. మా వాళ్ళు ఆవలిస్తున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "దావ యాడ పోయింది వీనికి?" అని పైకే అనేశాను. పక్క సీట్లో ఉన్న గుంటూరు అమ్మాయి నా వంక వింతగా చూసింది. అనంతపురం ఆఫీసులో అందరితో పుస్తకాల తెలుగు మాట్లాడే మనిషిని నేను. ముదిగుబ్బలో పుట్టినదాన్నని ఆ పిల్లకు అప్పటిదాకా తెలియదు. దావ అంటే దారి అని చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చింది గానీ, అది మా సారు మాట.

సారు అంటే కాలేజీ సారు కాదు. కదిరిలో ఒక సందులో, తమ ఇంటి మేడ మీద రెండు గదుల్లో కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. అంతకు ముందు ఇరవై ఏళ్ళు బోర్డులు రాశారు. మందుల షాపులు, టైలరు కొట్లు, ఎరువుల అంగళ్ళు, ఆ చుట్టుపక్కల పాత బోర్డుల్లో సగం ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక రంగు డబ్బాలు మూలన పడ్డాయి. తోటి పెయింటర్లలో ఒకరు ఆటో కొనుక్కున్నారు, ఇంకొకరు గొర్రెలు కొనుక్కున్నారు. ఈయన నలభై దాటాక మౌస్ పట్టుకున్నారు. "బ్రష్షు మారింది, అంతే కదప్పా" అనేవారు, ఏదో చొక్కా మార్చుకున్నంత తేలిగ్గా. ఆయన పోయి మూడు వేసవులు దాటాయి. ఆయన పేరు ఇక్కడ రాయను. బోర్డు కింద మూలన చిన్నగా సంతకం పెట్టుకునే పెయింటర్లు ఉంటారు. ఆయన ఏ బోర్డు మీదా పెట్టలేదు. ఉండాల్సింది అంగడి పేరు, మధ్యలో నాదెందుకు అనేవారు.

ఆయనతో కలిసి కదిరి వీధుల్లో నడవడం ఒక శిక్ష. ప్రతి బోర్డు ముందూ ఆగాల్సిందే. "ఆ ఫ్లెక్సీ చూడు పాపా. అక్షరాలన్నీ బస్సులో సీటు దొరకని జనం మాదిరి ఒగరి మీద ఒగరు పడతాండాయి" అనేవారు. ఆ అంగడి యజమాని గల్లాపెట్టె దగ్గరే కూర్చుని వింటుంటాడు. నేను సిగ్గుతో చచ్చిపోయి పక్కకు తిరిగితే, "నువ్వెందుకు సిగ్గుపడతావు, రాసినోడు పడాల" అని ఇంకాస్త గట్టిగా అనేవారు.

మౌస్‌ను బ్రష్షు పట్టినట్టు పట్టుకునేవారు, చిటికెన వేలు బల్లకు ఆనించి. పొద్దున్నే రాగానే సెంటర్‌లోని ఎనిమిది మౌసులనూ తడిగుడ్డతో తుడిచేవారు. ఎవరైనా పిల్లలు విసుగొచ్చి మౌస్‌ను బల్లకేసి కొడితే వాళ్ళకు ఆ పూట తిట్లే భోజనం.

నేను డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షలు రాస్తూ, రోజూ పొద్దున ముదిగుబ్బ నుంచి రైల్లో వచ్చి ఆయన దగ్గర పనిచేసేదాన్ని. మొదట్లో టైపింగు నేర్పించాను. తర్వాత ఆయన తల్లో ఒక పురుగు దూరింది. ధర్మవరంలో చీరల అంచులు, కొంగులు ఒకప్పుడు గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపి గీసేవాళ్ళు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్‌లోకి వచ్చేసింది, సారు అదీ నేర్చుకున్నారు. మగ్గం ఇళ్ళలో కాగితం మీద అంచు గీయగలిగిన ఆడవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళు ఇల్లూ మగ్గమూ వదిలి రోజూ కదిరికి రాలేరు. రాలేరు గనుక వాళ్ళ పని ఎవరో బెంగళూరు నుంచి వచ్చిన కుర్రవాళ్ళ చేతికి పోతోంది. అది ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు.

"వాళ్ళు రాల్యాకపోతే చెయ్యే పోవాల వాళ్ళ కాడికి" అన్నారు ఒకనాడు. "నలభై పాఠాలు చేస్తాం. మొదటి గీత నుంచి చీర కొంగు దాకా. ఫోన్లో చూసుకోని నేర్చుకుంటారు."

"పక్కన మనిషి లేకుండా నేర్చుకోవడం కష్టం సార్" అన్నాను.

"నాకి బోర్డులు నేర్పిన మా ఉస్తాదు నా పక్కన ఉన్న్యాడనే గానీ, ఏం మాట్లాడె? నోరు తెరిస్తే తిట్టేదానికే. పని మాత్రం చేత్తోనే చెప్తాండె. బ్రష్షు యాడ ఆనిస్తాడు, యా పక్క నుంచి తిప్పుతాడు, అదే చూస్తాంటి. వీడియోలో బాణం అంటే ఉస్తాదు చెయ్యి. దావ సరిగా చూపిచ్చినామంటే చాలు."

ఇక ఆ బాణం దావ మా ప్రాణాలు తీసింది. తెర మీద చేసేదంతా రికార్డు చేసి, పాఠం అయ్యాక గొంతు ఆపేసి చూసేవారు. మాట లేకుండా అర్థమైతేనే ఆ పాఠం ఉన్నట్టు. అవసరం లేకుండా బాణం కదిలిందంటే మళ్ళీ మొదటి నుంచి. మాట్లాడేటప్పుడు కొందరికి చేతులు ఊపే అలవాటు ఉంటుంది చూడండి, అట్లా మాట్లాడుతూ మౌస్ ఊపే అలవాటు నాకుంది. "చెయ్యి కింద పెట్టి మాట్లాడు" అని ఒక్క రోజులో ముప్పైసార్లు అనిపించుకున్నాను.

ఆఖరి పరీక్ష ఆయన భార్యది. ఆమెను మేమంతా ఆపా, అంటే అక్క, అనేవాళ్ళం. ఆమె జన్మలో మౌస్ ముట్టుకోలేదు. చేటలో శెనక్కాయలు పోసుకుని మానిటర్ ముందు కూర్చుని వలిచేది. సారు పాఠం నడిపించి ఉన్నట్టుండి ఆపేవారు.

"బాణం యాడుండాది?"

ఆపా శెనక్కాయ పట్టుకున్న చేత్తోనే చూపించేది.

"ఇంగ యాడికి పోతాది?"

ఆమె సరిగ్గా చూపిస్తే పాఠం పాసు. తడుముకుంటే మా ఇద్దరికీ పని. "నీ బాణం ఎనకాల తిరిగితే ఆడ నా కూర మాడిపోతాండాది" అని ఆపా లేచిపోయేది. ఆయన ఆమె వెనకాలే వంటింటి దాకా వెళ్ళి బతిమాలి తెచ్చేవారు. ఒక్క పాఠానికి నాలుగుసార్లు బతిమాలిన రోజులున్నాయి.

పదో పాఠం దాటేసరికి ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసు దగ్గర కనిపించింది. అనంతపురం డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఇది తగ్గేది కాదు, పెరగకుండా చూసుకోవాలి అన్నాడు. ఆ సంగతి ఆయన మాతో చెప్పలేదు, ఆపా చెప్పింది. ఆయన మాత్రం మణికట్టు కింద తువ్వాలు మడిచి పెట్టుకుని రికార్డింగుకు కూర్చున్నారు. తెర మీద బాణం వణుకుతూ పోయింది. గ్లాసు దగ్గర కనీకనపడని వణుకు తెర మీద ఇంతలావు కనిపించింది. వీడియో చూసుకుని ఆయన తువ్వాలు తీసి పక్కన పెట్టారు. ఇరవై ఏళ్ళు గోడల మీద ఒక్క ఊపులో గజం పొడవు గీత లాగిన మనిషి. నాకు చూడబుద్ధి కాలేదు.

ఆ వారమంతా నేను రికార్డింగు సాఫ్ట్‌వేర్‌ను కెలికాను. అందులో ఒక సంగతి దొరికింది. తెర బొమ్మ వేరుగా, మౌస్ బాణం నడిచిన దారి వేరుగా దాచిపెడుతుంది అది. బొమ్మను ముట్టుకోకుండా బాణం దారిని మాత్రం మార్చుకోవచ్చు. దారి పొడవునా చుక్కలుంటాయి. మధ్యలో ఉన్న చుక్కలు చెరిపేస్తే బాణం మొదటి చోటు నుంచి చివరి చోటుకు నేరుగా, నున్నగా పోతుంది. పదకొండో పాఠంలో వణుకు ఉన్న చుక్కలన్నీ చెరిపేసి ఆయనకు చూపించాను.

ఆయన రెండుసార్లు చూశారు. మూడోసారి కుర్చీ దగ్గరికి లాక్కుని చూశారు.

"ఇది నా చెయ్యేనా పాపా?"

"మీదే సార్."

"ఇరవై ఏండ్ల కిందటిది మాదిరి ఉండాది" అన్నారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "అన్నీ ఇట్లే చెయ్యి. ముందు పదీ కూడా."

చేశాను. నలభై పాఠాలకూ చేశాను. అంత ఇష్టంగా నేను బ్యాంకు పరీక్షలకు కూడా చదవలేదు. ఆపా పరీక్షలో నలభైకి నలభై ఒక్క దెబ్బకు పాసయ్యాయి. బాణం ఎక్కడికి పోతుందో ఆమె ముందే చెప్పేస్తోంది. "ఇప్పుడు బాగ నేర్చినావు" అని ఆయనకు సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. వీడియోలు నెట్‌లో పెట్టాం. కింద సెంటర్ ఫోన్ నంబరు రాశాం.

ఈశ్వరి ఫోన్ చేసింది ఆ తర్వాతి ఎండాకాలంలో. ధర్మవరంలో ఒక చీరల సావుకారి దగ్గర కండెలు చుట్టే మనిషి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా చక్రం తిప్పుతూ మగ్గానికి దారం చుట్టి ఇవ్వడం ఆమె పని. నడుము పోయింది. వాళ్ళ నాయన ఒకప్పుడు పేరున్న డిజైనరు, కాగితం మీద అంచులు గీయడం ఆమెకు ఆయన దగ్గరే వచ్చింది. సావుకారి దగ్గర డిజైన్లు చేసే కుర్రవాడు మానేసి పోతే, ఈమె ధైర్యం చేసి ఆ పని నాకివ్వండి అని అడిగింది. ఆయన ఒక నెల గడువిచ్చాడు. నెలాఖరున తన ముందు కూర్చుని ఒక అంచు కంప్యూటర్‌లో గీసి చూపించాలి. లేకపోతే బెంగళూరు నుంచి మనిషిని తెచ్చుకుంటాడు, ఈమె మళ్ళీ చక్రం ముందుకే పోవాలి.

"అన్నా, మీ నాలుగో పాఠం కాడ నిలబడిపోయినా. మూడు దినాలాయె. మెనూ తెరుస్తాండా, పక్కన ఇంగో చిన్న మెనూ వస్తాది, దాంట్లో కిందికి పోదామంటే అది మూసుకోని పోతాండాది."

"బాణం ఎట్ల పోతాదో చూసినావా?" అన్నారు సారు.

"చూసినాన్నా."

"అచ్చం అట్లే పో. రవ్వంత కూడా పక్కకి పోవద్దు."

"అచ్చం అట్లే పోతాండా అన్నా."

"ఇంగోసారి చూడు మళ్ళా."

రెండు రోజుల తర్వాత మళ్ళీ చేసింది. మళ్ళీ అదే సలహా. ఐదోసారి చేసినప్పుడు ఆమె గొంతులో ఏడుపు ఉంది. "నా చెయ్యే మంచిది కాదేమోన్నా. చక్రం తిప్పి తిప్పి మొద్దుబారి పోయిందేమో. వదిలేస్తానన్నా ఇంగ" అంది. ఫోన్ స్పీకరులో ఉంది, నేను పక్కనే ఉన్నాను. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. కొందరికి రాదు, ఏం చేస్తాం అనుకున్నాను. ఆ అనుకోవడం తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆయన ఫోన్ పెట్టేసి చెప్పులు తొడుక్కున్నారు. "పా, ధర్మవరం పోతాం."

"ఇప్పుడా సార్? క్లాసులున్నాయి."

"ఆయమ్మ మంచి చెయ్యి కాదంటాండాది పాపా. కాగితం మీద అంచు గీసే చెయ్యి మంచిది కాకుండా ఎట్ల పోతాది? ఏదో ఉండాది ఆడ."

సావుకారి ఇంటి వెనక, గోడౌను పక్కన, చిన్న గదిలో కంప్యూటర్. ఈశ్వరికి ముప్పై ఐదేళ్ళుంటాయి. మమ్మల్ని చూసి బెదిరిపోయింది. ఆయన ఆమె వెనక స్టూలు వేసుకుని కూర్చున్నారు. "నేను ల్యాననుకో. చెయ్యి" అన్నారు.

ఆమె మెనూ తెరిచింది. పక్కన చిన్న మెనూ తెరుచుకుంది. అందులో కింద ఉన్న వరుస మీదికి బాణాన్ని ఏటవాలుగా, నేరుగా తీసుకుపోయింది. వీడియోలో ఉన్నట్టే, వెంట్రుకవాసి తేడా లేకుండా. దారిలో బాణం మొదటి మెనూలోని ఇంకో పేరు మీద పడింది. చిన్న మెనూ టక్కున మూసుకుపోయింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే. పదిహేనుసార్లు చేసి ఉంటుంది. ఆయన ఆమె చేతినే చూస్తూ కూర్చున్నారు. తర్వాత లేచి, "రవ్వంత జరుగమ్మా" అని మౌస్ తీసుకున్నారు. వణుకుతున్న చేత్తో మెనూ తెరిచి, బాణాన్ని ముందు అడ్డంగా కుడి పక్కకు పోనిచ్చి, చిన్న మెనూలో అడుగుపెట్టాక కిందికి దించారు. మెనూ తెరుచుకునే ఉంది. క్లిక్ చేశారు.

"మీరు వీడియోలో అట్ల పోలేదే!" అంది ఈశ్వరి. బెదురంతా పోయి కోపం వచ్చింది ఆమెకు. "వీడియోలో ఇట్ల నేరుగా పోతిరి. ఇన్ని దినాలు నేను ఇట్లే పోయి పోయి సచ్చిపోతాంటి!"

అప్పుడు తెలిసింది నాకు. ఆయన రికార్డు చేసేటప్పుడూ మూల తిరిగే వెళ్ళారు. బోర్డు రాసిన చెయ్యికి ఎక్కడ తిరగాలో తెలుసు. ఆ మూల దగ్గరున్న చుక్కను మిగతా మధ్య చుక్కలతో పాటు నేను చెరిపేశాను. బొమ్మలో మెనూ తెరుచుకునే ఉంది గనుక మాకు ఎవరికీ అనుమానం రాలేదు. ఆపా వేలితో చూపించింది గానీ చేత్తో చేసి చూడలేదు. ఏ చెయ్యీ పోలేని దారిలో మా బాణం నలభై పాఠాల నిండా దర్జాగా పోతోంది.

"పొరపాటు నాది సార్" అన్నాను.

"నువ్వు చెరిపినావు. చెరపమన్నది ఎవురు?" అన్నారు ఆయన. ఈశ్వరి వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. "నీ చెయ్యి మంచిదేనమ్మా. నేను తప్పు దావ చూపిస్తి. నా చెయ్యి బాగుండాదని జనం అనుకోవాలని ఆశపడితి. ఇంగెన్ని దినాలుండాది నీకి?"

"తొమ్మిది దినాలన్నా."

"చాలు. ఆ పాత వీడియోలు చూడొద్దు. రేప్పొద్దున ఒగటి పంపిస్తా."

తిరుగు రైల్లో నేను మూడు ఉపాయాలు చెప్పాను. నేను రికార్డు చేస్తాను, నా చెయ్యి వణకదు కదా అన్నాను. "నీకి అంచు గీయను వస్తాదా?" అన్నారు. రాదు. పోనీ మూలలు ఉంచి వణుకు మాత్రం చెరుపుతాను అన్నాను. "ఏది వణుకో ఏది దావో నీకెట్ల తెలుస్తాది? మొన్న తెలిసిందా?" అన్నారు. ముఖం మీదే కొట్టినట్టుంది. కనీసం వీడియో మొదట్లో, సారుకు ఒంట్లో బాగాలేదు అని ఒక మాట పెడదామా అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. వాన పడక బీడుపడ్డ శెనక్కాయ చేలు, వాటిలో ఎర్రటి దుమ్ము. "ఉండనీ పాపా. వణుకుంటే వణుకు. ఆయమ్మ చేతికి పని రావాల, అంతే. నా చెయ్యి గురించి ఎవురనుకుంటే ఏం, అనుకోకపోతే ఏం" అన్నారు.

ఆయనకు అది తేలికని నేననుకోను. మరునాడు పొద్దున రికార్డింగు బటను నొక్కే ముందు చాలాసేపు మౌస్ పట్టుకునే కూర్చున్నారు. తర్వాత తువ్వాలు సర్దుకుని, "ఊ" అన్నారు. పొద్దున ఏడుకే వచ్చి కూర్చునేవారు, మాత్ర పనిచేసే ఆ రెండు గంటల్లోనే పాఠం పూర్తి కావాలి. బాణం వణుకుతూ పోయేది. అక్కరలేనిచోట ఆగేది, కొంచెం దాటిపోయేది, వెనక్కి వచ్చేది. నేను చుక్కల జోలికి పోలేదు. ఈసారి పరీక్ష కూడా మార్చారు. శెనక్కాయల చేట తీసేసి ఆపా చేతికి మౌస్ ఇచ్చారు. "నాకెందుకయ్యా ఈ పాట్లు" అని ఆమె తిడుతూనే నాలుగో రోజుకు ఒక గీత గీసింది. ఈశ్వరికి కావలసిన పాఠాలు పన్నెండు. రోజుకు ఒకటి, ఒక్కోరోజు రెండు పంపాం.

ఐదో రోజున ఆమె ఫోన్ చేసింది. పాఠం సంగతి మాట్లాడి, ఆగి, "అన్నా, ఒగ మాట అడగొచ్చా? నీ చెయ్యి వణుకుతాదా?" అంది.

సెంటర్‌లో పిల్లలు టైపు చేస్తున్నారు. వాళ్ళంతా వింటున్నారు. ఆయన స్పీకరు ఆపలేదు.

"వణుకుతాదమ్మా."

"నాకీ వణుకుతాదన్నా, మౌసు పట్టుకుంటే. భయానికి. నాకొక్కదానికే అనుకుంటి."

"వణికినా పని అయితాది. చూస్తాండావు కదా" అన్నారు ఆయన.

నెలాఖరు రోజున ధర్మవరం పోదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "నేను పోతే ఆయమ్మ తెర వదిలేసి నా మొగం చూస్తాది" అన్నారు. ఆ పొద్దున ఆయన క్లాసులో ఒక్కచోట కూర్చోలేదు. మౌసులను రెండోసారి తుడిచారు. ఎవరో బోర్డు రాయించుకోవడానికి వస్తే, పని మానేసి పదేళ్ళయిందని చెప్పకుండా, ఏ రంగు కావాలని అడిగారు. పదకొండు దాటాక ఫోన్ మోగింది. స్పీకరు నేనే పెట్టాను.

"సావుకారి పాత చీర ఒగటి ముందర ఏసి, దీని అంచు గీయమన్న్యాడన్నా. గీసినా. చూసి ఏం మాట్లాడలా. కండ్లద్దాలు పెట్టుకోని మళ్ళా చూసినాడు. అట్టలు కొట్టేదానికి పంపమన్న్యాడు."

గీసిన డిజైను నచ్చితేనే మగ్గానికి ఎక్కించే అట్టలు కొట్టిస్తారు. అంటే పని ఆమెదే. నేను గట్టిగా అరిచేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన "మేలమ్మా, మేలు" అని ఫోన్ నా చేతికిచ్చి, గోడ మీది క్యాలెండరు దగ్గరికి పోయి నిలబడ్డారు. కళ్ళు తుడుచుకుంటున్నారనుకున్నాను. క్యాలెండరులో రోజులు చూస్తున్నారు.

"ఇంగ ఇరవై ఎనిమిది ఉండాయి పాపా" అన్నారు.

"ఆమెకు కావలసినవి అయిపోయాయి కదా సార్."

"ఈశ్వరి ఐదుసార్లు ఫోన్ చేసె కాబట్టి తెలిసె. ఫోన్ చేయకుండా, మా చెయ్యే మంచిది కాదనుకోని మూసేసుకున్నోళ్ళు ఎంతమంది ఉండారో? ఈ పొద్దే పాతవన్నీ తీసేయ్. రేపు ఏడుకి రా."

తీసేశాను. మర్నాడు ఏడుకే వెళ్ళాను. ఆ తర్వాత ఏడాది పాటు ఆయనకు ఇంకో పని లేదు. చెయ్యి రాను రాను మొరాయించింది. మాత్ర పనిచేసే రెండు గంటలు ఒకటైంది, తర్వాత అరగంటైంది. ఒక్కో పాఠానికి వారం, పది రోజులు పట్టేది. ఆపా వద్దని పోట్లాడింది. నేనూ పోట్లాడాను. మొండి మనిషి. ఎవరి మాటా వినలేదు. నాకు అనంతపురంలో ఉద్యోగం వచ్చాక కూడా ఆదివారాలు వచ్చి ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఖాళీ ఉన్నంతసేపు నాకు అంచు గీయడం నేర్పించారు, ఎందుకైనా మంచిదని. ముప్పై ఏడో పాఠం అయ్యాక, వేసవిలో, ఒక శుక్రవారం పొద్దున నిద్రలోనే పోయారు.

మిగిలిన మూడు పాఠాలు నేను రికార్డు చేశాను. నా చెయ్యి చక్కగా కదిలింది. ఒక్క తప్పు లేదు, మూల దగ్గర మూల తిరిగాను. ఆయన మెచ్చుకునేవారే అనుకుంటూ నెట్‌లో పెట్టాను.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం ఆపాను చూడటానికి వెళ్ళి కూర్చుంటే సెంటర్ ఫోన్ మోగింది, తీసి స్పీకరులో పెట్టాను. పామిడి దగ్గర ఏదో పల్లె నుంచి ఒకామె. ఈశ్వరి ఎవరో తెలియదు, మేమెవరమో తెలియదు. వీడియోలు చూసి ముప్పై ఏడు పాఠాల దాకా వచ్చిందట.

"మేడం, ముప్పై ఎనిమిది కాడ చెయ్యి మారింది. ఆ వణికే చెయ్యి అన్న ఏమయినాడు?"

మా వీడియోల్లో ఎక్కడా ఆయన ముఖం లేదు. పేరు లేదు. పాఠాల చివర ఏ సంతకమూ లేదు. ఆపా నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "పోయినాడమ్మా, వేసవిలో" అంది.

"అయ్యో" అంది ఆమె. మొహమాటపడుతూ, "ఆయప్పది చూస్తాంటే మాకి అందుతాండె అమ్మా. క్లిక్కు కొట్టే ముందర చెయ్యి కుదురుకునేదానికి నిలబడతాండె కదా, ఆ లోపల మేము గూడా ఆడికి పోతాంటిమి. ఈ మేడం మాకోసరం నిలబడకుండా పోతాంది" అంది.

ఆపా ఫోన్ పెట్టేసి నా వంక చూసింది. నేను మేడ మీదికి వెళ్ళి, నా మూడు పాఠాలూ తీసేసి, ముప్పై ఎనిమిదో పాఠం మళ్ళీ మొదలుపెట్టాను.